‘జీవితాంతం ఇంతే’ అన్న డాక్టరు, ‘నెలలో మాయం’ అన్న డాక్టరు: నొప్పితో వచ్చిన మనిషికి అసలు ఏం చెప్పాలి?

విభాగం: ఆరోగ్యం / దీర్ఘకాలిక నొప్పి

తెనాలి_తమ్ముడు
అందరికీ నమస్కారం. మా అమ్మకి అరవై దగ్గర పడుతోంది. కొన్నేళ్లుగా నడుం నొప్పి, ఎడమ కాలి పిక్క దాకా లాగుతుంది. మొదట చూపించిన ఎముకల డాక్టరు గారు ఎంఆర్ఐ ఫిల్మును లైటుకి పెట్టి చూస్తూ, అమ్మ వైపు తిరక్కుండానే, "డిస్కులన్నీ అరిగిపోయాయి, ఒకటి నరాన్ని నొక్కుతోంది. వంగొద్దు, బరువెత్తొద్దు, కింద కూర్చోవద్దు. అశ్రద్ధ చేస్తే కాళ్లు పడిపోతాయి. ఇక జీవితాంతం ఇంతే" అన్నారు. ఆ రోజు నుంచి అమ్మ గుమ్మం దాటాలంటే ద్వారబంధం పట్టుకుని, ఊపిరి బిగబట్టి అప్పుడు కాలెత్తుతుంది. చెంచా కింద పడినా తీయడానికి మమ్మల్ని పిలుస్తుంది. పీట మీద కూర్చుని కూర తరగడం మానేసింది.

తర్వాత ఇంకో చోట "వెన్నులో ఇంజెక్షన్ చేస్తాం, నెలలో నొప్పి మాయం" అన్నారు. చేయించాం. బాగా తగ్గింది కూడా. కొన్ని వారాలకి మళ్లీ మొదలైంది. ఇప్పుడు ఏ మాత్ర చేతిలో పెట్టినా "ఇదీ అంతేగా" అని మింగుతోంది.

నా ప్రశ్న ఏ మందు మంచిదని కాదు. ఒకరు భయపెట్టారు, ఒకరు ఆశపెట్టారు, రెండూ అమ్మని దెబ్బ తీశాయి. డాక్టరు నోటి మాటకి నొప్పిని పెంచే శక్తి, తగ్గించే శక్తి నిజంగా ఉందా? ఉంటే ఏం చెప్పడం సబబు?

విశాఖ_మత్తుడాక్టరు
మత్తు వైద్యం చదువుకుని చాలా ఏళ్లుగా నొప్పి క్లినిక్కు నడుపుతున్నాను. మీ అమ్మగారిని చూడకుండా వైద్యం చెప్పను. ముందు ఒక జాగ్రత్త మాత్రం: మూత్రం, విరేచనం మీద పట్టు తప్పినా, కూర్చునే చోట మొద్దుబారినా, కాలు బలం తగ్గుతున్నా, నొప్పితో పాటు జ్వరం గానీ కారణం లేకుండా బరువు తగ్గడం గానీ ఉన్నా ఆగకుండా వెళ్లాలి. ఇవి లేవనుకుని మిగతాది రాస్తున్నాను.

నొప్పి అనేదే లేని 3,110 మంది వెన్ను స్కానులను కలిపి చూసిన పరిశీలన ఒకటి 2015లో వచ్చింది. ఇరవై ఏళ్ల వాళ్లలో 37 శాతం మందికి, యాభై ఏళ్ల వాళ్లలో 80 శాతం మందికి, ఎనభై ఏళ్ల వాళ్లలో 96 శాతం మందికి డిస్కులు అరిగినట్టు కనిపించింది. యాభై ఏళ్ల వాళ్లలో 60 శాతం మందికి డిస్కు ఉబ్బు ఉంది. వీళ్లెవరికీ నొప్పి లేదు. ఈ లెక్క చెప్పకుండా "డిస్కులన్నీ అరిగిపోయాయి" అంటే సగం నిజమే చెప్పినట్టు. ఆ మిగతా సగం వింటేనే మనిషికి ధైర్యం వస్తుంది. బయటికి పొడుచుకొచ్చిన డిస్కు ముక్క చాలామందిలో నెలల మీద దానంతటదే కుంచించుకుపోతుంది. అదీ ఓపీలో ఎవరూ చెప్పరు.

ఇక ఇంజెక్షన్ సంగతి. కాలికి పాకే నొప్పికి వెన్నులో ఇచ్చే స్టిరాయిడ్ కొన్ని వారాల ఉపశమనం ఇస్తుంది. ఆ వారాల్లో నడక, వ్యాయామం మొదలుపెట్టించాలి. మీరు చెప్పిన దాన్ని బట్టి అమ్మగారికి ఆ ఇంజెక్షన్ చెయ్యాల్సిన పని చేసింది. "మాయం" అని చెప్పి పంపారు కాబట్టి, పనిచేసిన మందు కూడా ఆమె లెక్కలో ఓడిపోయింది. నాకు బాధ కలిగించేది అదే. తప్పుడు ఆశ అప్పటికి తియ్యగానే ఉంటుంది, తర్వాత వచ్చే డాక్టర్ల మాటకి కూడా విలువ లేకుండా చేస్తుంది.

మానుకోట_అక్క
తమ్ముడూ, మీ అమ్మకు స్కాన్ల ఏదో ఒకటి కనిపించింది. నాకు ఏం కనిపియ్యలే. నాకు ఏండ్ల సంది ఒళ్లంత నొప్పులు, పొద్దున లేస్తె వేళ్లు ముడుచుకోవు, నిద్ర పట్టదు. రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు అన్నీ చేసిన్రు. కాయితాలు చూసి డాక్టర్ సాబ్ ఒక్క మాట అన్నడు: "ఏం లేదమ్మా, అంతా నార్మల్. టెన్షన్ తగ్గించుకో." ఆయన నాకు ధైర్యం చెప్దామనే అన్నడేమో. పక్కన మా అత్త ఉన్నది. ఇంటికి వచ్చినంక ఆ "ఏం లేదు" అన్న మాటనే నా మీదికి వచ్చింది. పని తప్పిచ్చుకునేతందుకు నటిస్తుందన్నరు. మా ఆయన సుత నమ్మలే.

చివరికి హైదరాబాద్‌ల ఒక మేడమ్ ఫైబ్రోమయాల్జియా అని చెప్పింది. ముందుగాల ఆమె ఏం చేసిందో తెలుసా? మా ఆయన్ను లోపలికి పిలిచి కూసోబెట్టి, "ఈమెకు నొప్పి నిజంగనే ఉంది. పరీక్షల్ల కనిపియ్యకపోవుడు ఈ జబ్బు లక్షణం" అని ఆయన మొకం చూసి చెప్పింది. ఆ రోజు ఏ మందు రాసిందో నాకు యాదికి లేదు. ఆ మాట యాదికున్నది. అందుకే అంటున్న, భయపెట్టుడు ఎంత తప్పో "ఏం లేదు" అనుడు సుత అంత తప్పే.

విశాఖ_మత్తుడాక్టరు
అక్కా, ఆ మేడమ్ గారికి నా నమస్కారం చెప్పండి. నొప్పి మీద పరిశోధన చేసేవాళ్ల అంతర్జాతీయ సంఘం 2020లో నిర్వచనాన్ని సవరించినప్పుడు ఇదే రాసింది: తనకు నొప్పిగా ఉందని మనిషి చెబితే ఆ మాటను గౌరవించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక పదకొండో కూర్పు 2022లో అమల్లోకి వచ్చింది. మూడు నెలలు దాటిన నొప్పి, వేరే జబ్బుతో వివరించలేకపోయినా, దానంతటదే ఒక జబ్బుగా అందులో చోటు చేసుకుంది. ఫైబ్రోమయాల్జియా ఆ కోవలోదే. కాగితం మీద మార్పు వచ్చింది. ఓపీ గదుల్లోకి ఇంకా రావాలి.

లెక్కల_మాస్టారు
నేను గణితం చెప్పి రిటైరైనవాణ్ని, మోకాళ్ల నొప్పులతో ఉన్నవాణ్ని కూడా. డాక్టరు గారి మీద గౌరవంతోనే అడుగుతున్నాను. మాటతో నొప్పి తగ్గుతుందంటే వినడానికి బాగుంటుంది. కొలిచి చూశారా? తగ్గితే ఎంత? మాటకే తగ్గే నొప్పి అసలు నొప్పేనా అని రేపు అక్క వాళ్ల అత్తగారు అడిగితే ఏం చెబుతారు?

విశాఖ_మత్తుడాక్టరు
అడగాల్సిన ప్రశ్నే మాస్టారూ. కొలిచారు.

1978లో కాలిఫోర్నియాలో పన్ను పీకించుకున్న వాళ్ల మీద ఒక ప్రయోగం జరిగింది. లోపల ఏ మందూ లేని ఉత్తుత్తి మందుతో కొందరికి నొప్పి తగ్గింది. వాళ్లకి నలాక్సోన్ ఇచ్చారు. అది మార్ఫిన్ పనిని ఆపే మందు. తగ్గిన నొప్పి మళ్లీ పెరిగింది. అంటే ‘తగ్గుతుంది’ అనుకున్నప్పుడు ఒళ్లే మార్ఫిన్ లాంటి రసాయనాన్ని విడుదల చేస్తోందన్న మాట. నటన అయితే నలాక్సోన్‌కి ఎందుకు ఆగుతుంది? అత్తగారికి ఇది చెప్పవచ్చు.

2011లో ఇంకొకటి చేశారు. ఆరోగ్యవంతుల కాలికి వేడి తగిలిస్తూ, రెమిఫెంటానిల్ అనే బలమైన నొప్పి మందును సెలైన్‌లో ఎక్కించారు. మందు మోతాదు మారలేదు. "ఇప్పుడు మందు ఎక్కుతోంది" అని చెప్పినప్పుడు దాని ఫలితం దాదాపు రెండింతలైంది. "మందు ఆపేశాం, నొప్పి పెరగొచ్చు" అన్నప్పుడు, మందు ఎక్కుతూనే ఉన్నా, ఫలితం తుడిచిపెట్టుకుపోయింది. మెదడు స్కానులో కూడా ఆ తేడా కనిపించింది. ఆపరేషన్ థియేటర్లో రోజూ మత్తు మందులతో పనిచేసే నాకు ఆ ఫలితం చదివాక రోగి పక్కన నిలబడి మాట్లాడే తీరు మారింది.

2010లో కాన్పుకి, సిజేరియన్‌కి వచ్చిన 140 మంది ఆడవాళ్ల మీద చేసింది ఇంకా చిన్న విషయం. వెన్నులో సూదికి ముందు చర్మం మొద్దుబార్చే ఇంజెక్షన్ ఇస్తాం కదా, అప్పుడు సగం మందికి "పెద్ద తేనెటీగ కుట్టినట్టు ఉంటుంది, ఇదే అన్నిటికన్నా కష్టం" అన్నారు. మిగతా సగం మందికి "ఇక్కడ మొద్దుబారుస్తున్నాం, మీకు హాయిగా ఉంటుంది" అన్నారు. సూది అదే. పదికి లెక్కేస్తే మొదటి వాళ్ల నొప్పి మధ్యస్థంగా 5, రెండో వాళ్లది 3.

లెక్కల_మాస్టారు
ఇవన్నీ కాసేపుండే నొప్పులు. ఏళ్ల తరబడి ఉన్న నొప్పికి?

విశాఖ_మత్తుడాక్టరు
అక్కడ ఫలితం చిన్నది, దాన్ని దాచను. డాక్టర్లకు సానుభూతితో, ధైర్యమిచ్చేలా మాట్లాడడం నేర్పిన 28 ప్రయోగాలను 2018లో కలిపి చూశారు. నొప్పి తగ్గింది, పదికి సుమారు అర మార్కు. మాట ఒక్కటే మందు అనుకునేవాళ్లు ఆ అర మార్కును గుర్తుంచుకోవాలి.

కానీ నొప్పి మార్కు ఒక్కటే కాదు చూడాల్సింది. తెనాలి తమ్ముడి అమ్మగారిలో మాట ఏం చేసింది? కదలికను ఆపింది. నెలల తరబడి కదలకపోతే కండ బలం పోతుంది, నిద్ర చెడుతుంది, నలుగురిలోకి వెళ్లడం తగ్గుతుంది. ఇవన్నీ తిరిగి నొప్పిని పెంచుతాయి. న్యూజిలాండ్‌లో నడుం నొప్పి వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించి 2013లో ప్రచురించిన పరిశీలనలో, డాక్టరో ఫిజియోనో ఎప్పుడో అన్న ఒక్క మాట ఏళ్ల తర్వాత కూడా వాళ్ల వంగడాన్ని, లేవడాన్ని శాసిస్తున్నట్టు తేలింది. ‘నీ వెన్ను బలహీనం, కాపాడుకో’ అన్నది అలా లోతుగా దిగిన మాట.

హనుమకొండ_ఫిజియో
నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువ మంది నడుంకి బెల్టుతోనే వస్తరు. బెల్టు తీసి మంచం మీద పండుమంటే చేతులు వణుకుతయి. ముందుకు వంగి మోకాళ్లు ముట్టుకోండి అంటే "వద్దన్నరు సార్" అంటరు. ఎవరు, ఎప్పుడు అంటే ఐదారేండ్ల కింద ఒక డాక్టరు. పది రోజుల కోసం చెప్పిన జాగ్రత్తను ఎత్తేసే మాట ఎవరూ చెప్పలే, అది అట్లనే ఉండిపోయింది.

2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుం నొప్పి మీద మార్గదర్శకాలు ఇచ్చింది. బెల్టులు, లాగుడు చికిత్స (ట్రాక్షన్), మార్ఫిన్ కోవ ఓపియాయిడ్ మాత్రలు వాడొద్దని సూచించింది. వ్యాయామం, నొప్పి గురించి వివరంగా చెప్పడం, మానసిక చికిత్స, వాపు తగ్గించే మాత్రలు ఉపయోగపడొచ్చని చెప్పింది. మా వృత్తిలో ట్రాక్షన్ మెషీను లేని క్లినిక్కు తక్కువ, కాబట్టి ఇది మావాళ్లు కూడా వినాల్సిన సంగతే.

పేషెంటుకు నేను ఇట్ల చెప్త: వాకిట్ల కుక్క దొంగ వచ్చినప్పుడు మొరుగుతది, మంచిదే. దొంగతనం ఒకసారి జరిగినంక ఆకు కదిలినా మొరుగుతది. మీ నడుంల దెబ్బ మానింది, కుక్క ఇంకా మొరుగుతుంది. మొరిగినప్పుడల్లా దొంగ వచ్చినట్టు కాదు. మెల్లగ అలవాటు చేస్తే సల్లబడుతది. ఇది చెప్పినంక "వ్యాయామం చేసేటప్పుడు కొంచెం నొస్తది, అది దెబ్బ తగలడం కాదు, మరునాటికి తగ్గితే మనం సరిగ్గనే పోతున్నట్టు" అంట. ఇదే మాట ముందు చెప్పకపోతే మొదటి రోజు నొప్పికే మానేస్తరు, "ఫిజియో వల్ల ఎక్కువైంది" అని ఊరంత చెప్తరు.

ఒంగోలు_కొడుకు
మా నాన్నకి మోకాలి చిప్ప మార్పిడి చేయించాం. "గుజ్జు పూర్తిగా పోయింది, మార్చేస్తే పరుగెత్తొచ్చు" అన్నారు. ఆపరేషన్ బాగానే జరిగింది, ఎక్స్‌రే బాగుంది, కాలు తిన్నగా వచ్చింది. నొప్పి మాత్రం కొంత మిగిలింది. మళ్లీ చూపిస్తే "ఎక్స్‌రే బ్రహ్మాండంగా ఉంది, మీకు నొప్పి ఉండకూడదే" అన్నారు. నాన్న ఇంటికొచ్చి, "ఉండకూడని నొప్పి నాకెందుకుంది రా? ఏదో తేడా జరిగింది, దాస్తున్నారు" అంటారు. రోజూ అదే చర్చ. ఆపరేషన్‌కి ముందే చెప్పి ఉంటే మనిషి ఇంత కుంగేవారు కాదు.

లీడ్స్_నర్సమ్మ
ఒంగోలు తమ్ముడూ, మీ నాన్నగారు ఒంటరి కాదు. మోకీలు మార్పిడి తర్వాత నెలలు దాటినా చెప్పుకోదగ్గ నొప్పి మిగిలేవాళ్లు సుమారు ఐదుగురిలో ఒకరు. 2012లో చాలా పరిశోధనలను కలిపి చూసినప్పుడు నాణ్యమైన వాటిలో ఆ లెక్కే తేలింది. తుంటి మార్పిడిలో ఇది సగం కన్నా తక్కువ. "నూటికి ఎనభై మంది బాగా తేరుకుంటారు, ఇరవై మందికి నొప్పి కొంత మిగులుతుంది, మిగిలితే మేం వదిలెయ్యం" అని ముందే చెబితే చాలామంది అయినా చేయించుకుంటారు. తర్వాత నొప్పి మిగిలితే డాక్టర్ని అనుమానించరు.

నేను విజయనగరం అమ్మాయిని, ఇక్కడ ఇంగ్లండులో సర్కారు వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో నొప్పి విభాగంలో పనిచేస్తున్నాను. ఇక్కడ అంతా బాగుందని అనుకోవద్దు. మా దగ్గరికి రావడానికే జనం నెలలు వేచి ఉంటారు. 2021లో ఇక్కడ వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ, వేరే కారణం కనిపించని దీర్ఘకాలిక నొప్పికి పారాసిటమాల్, బ్రూఫెన్ కోవ మందులు, ఓపియాయిడ్లు, గబపెంటిన్ లాంటి నరాల మందులు కొత్తగా మొదలుపెట్టొద్దని చెప్పింది. శాస్త్రం ప్రకారం దానికి ఆధారం ఉంది. కానీ కొన్ని చోట్ల అది "మీకు మందులు పనిచెయ్యవు" అన్న ఒక్క వాక్యంగా రోగికి చేరింది. వ్యాయామ తరగతి ఎక్కడుందో, కౌన్సెలింగ్ ఎప్పుడు దొరుకుతుందో చెప్పకుండా ఆ వాక్యం చెబితే తలుపు మొహాన వేసినట్టే.

నేను మొదటి రోజు అడిగే ప్రశ్న ఒకటుంది. "నొప్పి సగానికి తగ్గితే ముందు ఏ పని చేస్తారు?" నొప్పి పూర్తిగా పోతే అని అడగను. ఒకాయన కుక్కని పార్కుకి తీసుకెళ్తానన్నారు, ఒకావిడ మనవడిని ఎత్తుకుంటానన్నారు. చికిత్స ఆ పని వైపు నడుస్తుంది. నెల తర్వాత మార్కు 7 నుంచి 5కే వచ్చినా, ఆవిడ మనవడిని ఎత్తుకుని ఉంటే, మందు పనిచేసిందని ఆవిడే చెబుతారు.

విశాఖ_మత్తుడాక్టరు
దీర్ఘకాలిక నొప్పిలో 30 శాతం తగ్గితే చెప్పుకోదగ్గ మేలుగా పరిశోధకులు లెక్కిస్తారు. ఆ సంగతి రోగికి చెప్పం. ఆయన వందకి వంద శాతం కోసం ఎదురుచూస్తాడు, మేం 30కి సంతోషిస్తాం. ఇద్దరం ఒకే గదిలో కూర్చుని వేరే పరీక్ష రాస్తున్నాం.

కడప_మందులకొట్టు
నేను ఫార్మసిస్టును. ఈ మాట మా కౌంటరు దగ్గరే ఎక్కువ చెడతాది. ఒకామె షుగరు వల్ల కాళ్లు మంటలని అమిట్రిప్టిలిన్ 10 చీటీ తెచ్చింది. మా పిల్లోడు మాత్రలిస్తా "ఇది డిప్రెషన్ మాత్ర మా, రాత్రికి ఏసుకో" అన్నాడు. ఆమె మొకం మారిపోయింది. "నాకేమన్నా పిచ్చా నాయనా? ఆ డాక్టరు నన్ను పిచ్చిదనుకున్నాడా?" అని మాత్రలు అక్కడే పెట్టేసి పోయింది. డాక్టరు చీటీ రాసేటప్పుడు ఒక్క మాట చెప్పింటే, మా పిల్లోడు ఒక్క మాట చెప్పకుండా ఉండింటే ఆమె కాళ్ల మంట తగ్గేదేమో.

ఇంకొందరు ఉండారు, నరాల నొప్పికిచ్చే ప్రెగాబలిన్ మూడు రోజులు ఏసుకుని "తగ్గలేదు సామీ, వేరేది ఇయ్యి" అంటారు. వాళ్ల తప్పు ఏముంది? తలనొప్పి మాత్ర మాదిరే అరగంటలో పనిచేస్తాదనుకుంటారు.

విశాఖ_మత్తుడాక్టరు
మీరు చెప్పింది బంగారం. నరాల నొప్పికి ఇచ్చే మందుల మీద ప్రయోగాలన్నీ కలిపి 2015లో లెక్క కట్టారు. ఉత్తుత్తి మాత్రతో వచ్చే మేలు తీసేసి చూస్తే, ప్రెగాబలిన్ వాడిన సుమారు ఎనిమిది మందిలో ఒకరికి నొప్పి సగానికి తగ్గుతుంది. అమిట్రిప్టిలిన్ కోవ మందులతో నలుగురిలో ఒకరికి. "ఇది మీకు పనిచెయ్యకపోతే మీ జబ్బు ముదిరిందని కాదు, ఇంకో మందు చూస్తాం" అని మొదటి రోజే చెప్పాలి. అలా చెప్పించుకున్న మనిషి రెండో మందు దాకా నాతో నిలబడతాడు.

లెక్కల_మాస్టారు
సరే, అర మార్కును దాచకుండా చెప్పారు కాబట్టి ఇంకోటి అడుగుతాను. మా అల్లుడు కోయంబత్తూరు గంగా హాస్పిటల్ వాళ్ల ప్రయోగం గురించి చెప్పాడు. నడుం నొప్పి ఉన్న 44 మందిలో కొందరికి ఎంఆర్ఐలో ఉన్నది ఉన్నట్టు వివరించారట. మిగతా వాళ్లకి అంతా మామూలే, వయసుతో వచ్చే మార్పులే అన్నారట. ఇచ్చిన చికిత్స ఒకటే. ఆరు వారాలకి వివరంగా విన్నవాళ్లే వెనకబడ్డారట. అయితే రోగికి ఉన్నది చెప్పకపోవడమే మంచిదా? నాకైతే నచ్చలేదు. నా మోకాలు, నా రిపోర్టు, నాకు తెలియాలి.

విశాఖ_మత్తుడాక్టరు
అది 2021లో వచ్చిన డాక్టర్ రాజశేఖరన్ బృందం పరిశోధన. మన దేశపు ఓపీలో జరిగింది కాబట్టి నాకు దాని మీద ప్రత్యేకమైన గౌరవం ఉంది. వివరంగా విన్నవాళ్లలో తమ వెన్ను మీద భయం పెరిగింది, నొప్పి తక్కువ తగ్గింది, పనులూ తక్కువ చేసుకోగలిగారు. ఆ బృందం కోరింది రోగి దగ్గర దాచమని కాదు. స్కాను రిపోర్టు రాసే భాష మారాలని. ‘డీజనరేషన్’ (అరుగుదల) అని నాలుగు చోట్ల రాసే బదులు, ఈ వయసులో మామూలుగా కనిపించే మార్పు ఏది, ఈ మనిషి నొప్పికి సంబంధం ఉన్నది ఏది అని విడదీసి రాయమన్నారు.

రిపోర్టులో ఒక వాక్యం చేర్చితే చాలదు కూడా. అమెరికాలో రెండున్నర లక్షల మంది రిపోర్టుల్లో ‘నొప్పి లేనివాళ్లలో కూడా ఇవి ఇంత శాతం కనిపిస్తాయి’ అని అచ్చు వేయించి చూశారు. 2020లో ఫలితం వచ్చింది. వెన్ను నొప్పి కోసం జనం చేయించుకునే వైద్యం మొత్తం మీద తగ్గలేదు. అచ్చులో ఉన్నదాన్ని ఒక మనిషి ఎదురుగా కూర్చుని చెప్పాలి.

మానుకోట_అక్క
మాస్టారు అన్నదే నేను అంటున్న. దాచుడు వద్దు. "అంతా నార్మల్" అని నాకు చెప్పిన్రు కదా, అది నిజమే, కాని నన్ను ముంచింది. ఉన్నది చెప్పాలె, దాని అర్థం కూడ చెప్పాలె. అర్థం చెప్పకపోతే మేమే ఒక అర్థం పెట్టుకుంటం, అది ఎప్పుడూ చెడ్డదే ఉంటది.

ఓపీ_లైన్లో_నేను
పీజీ చేస్తున్నాను, సర్కారు ఆసుపత్రి. మీరంతా చెప్పేది నిజమే గానీ మా టేబులు దగ్గరికి ఒక్క పూట వచ్చి చూడండి. పేషెంటు కూర్చునేలోపు వెనకాలాయన చీటీ ముందుకు చాపుతాడు. 67 దేశాల లెక్కలు తీసిన ఒక పరిశోధనలో డాక్టరు రోగితో గడిపే సమయం స్వీడన్‌లో 22 నిమిషాలకు పైన, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, మన దేశంలో సుమారు రెండు నిమిషాలని వచ్చింది. రెండు నిమిషాల్లో కుక్క కథ ఎవరు చెప్పగలరు? "అరిగిపోయింది" అంటే ఒక్క మాటలో పేషెంటు లేస్తాడు. అందుకే ఆ మాట వాడతాం. మాకూ మనసుకి కష్టంగానే ఉంటుంది.

లీడ్స్_నర్సమ్మ
డాక్టరు బాబూ, మీ కష్టం నిజం. అయినా "అరిగిపోయింది" అనడానికి పట్టే సమయంలోనే "వయసుతో వచ్చే మార్పు, కదిలితే బాగుపడుతుంది" అనొచ్చు. మాట నిడివి దాదాపు అంతే. వివరంగా చెప్పడం నర్సు చెయ్యొచ్చు, ఫిజియో చెయ్యొచ్చు. కానీ డాక్టరు ఒకటి, ఫిజియో ఇంకొకటి చెబితే రోగి డాక్టరు మాటే పట్టుకుంటారు. కాబట్టి ముందు మీరు ఆ ఒక్క వాక్యం మార్చాలి.

ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం 1997లో టీవీలో ప్రకటనలు వేయించింది, నడుం నొప్పికి మంచం పట్టకండి, కదులుతూ పనిలో ఉండండి అని. జనం నమ్మకాలే కాదు, అక్కడి డాక్టర్ల నమ్మకాలు కూడా మారాయి, నడుం నొప్పి పేరుతో వచ్చే పరిహారం దరఖాస్తులు తగ్గాయి. మన ఊళ్లలో ఆశా కార్యకర్త చెప్పినా, ఊరి ఆర్ఎంపీ చెప్పినా, డాక్టరు చెప్పినా ఒకటే మాట వినబడితే మీ రెండు నిమిషాలు కూడా సరిపోతాయి.

అనంత_రైతు
2006లో చికున్‌గున్యా వచ్చినప్పుడు మా ఊర్లో ఇంటికొకరు మంచమెక్కినారు. ఆ ఏడు దేశం మొత్తమ్మీద పదమూడు లక్షలకు పైగా కేసులని పేపర్లో రాసినారు. "వారంలో తగ్గిపోతాది" అన్నారు. జ్వరం తగ్గింది. కీళ్లు పట్టుకుని చానా నెల్లు ఉండిపోయినాయి. వారం అన్నది దాటినాక జనం హడలిపోయి, ఊరూరా తిరిగే నాటు మందోళ్ల చేతిలో డబ్బు పోసినారు. వాళ్లిచ్చిన పొడుల్లో ఏముందో ఎవరికీ తెలీదు. "కొంతమందికి నెలలు పట్టొచ్చు, భయం లేదు" అని ఒక్కరు చెప్పింటే ఆ డబ్బులన్నా మిగిలిండు.

తెనాలి_తమ్ముడు
అందరికీ పేరు పేరునా దండాలు. రేపు వారం అమ్మని ఇంకో డాక్టరు గారికి చూపిస్తున్నాం. మేం ఏం అడగాలి? ఎదురు ప్రశ్నలు వేస్తే విసుక్కుంటారేమోనని భయం.

విశాఖ_మత్తుడాక్టరు
"నెట్‌లో చదివాం" అని మొదలుపెట్టకండి. కింది మాటలు అడిగితే నాకైతే సంతోషం. "ఈ స్కానులో ఉన్నవాటిలో అమ్మ వయసుకి మామూలువి ఏవి సార్?" "ఈ మందుతో మీరు ఎంత తగ్గుతుందని అనుకుంటున్నారు, ఎన్ని వారాల్లో?" "తగ్గకపోతే తర్వాత ఏం చేద్దాం?" "ఏ పనులు ధైర్యంగా చెయ్యొచ్చు?" ఈ చివరిది తప్పకుండా అమ్మగారి చేతే అడిగించండి. డాక్టరు "చెయ్యమ్మా, ఏం కాదు" అని ఆమె కళ్లలోకి చూసి అనాలి. మీరు ఇంటికొచ్చి వందసార్లు చెప్పినా దానికి ఆ బరువు రాదు.

కడప_మందులకొట్టు
సార్, నేను ఒక పని చేద్దామనుకుంటా ఉండా. నరాల నొప్పికి అమిట్రిప్టిలిన్ ఇచ్చేటప్పుడు మా పిల్లోళ్లు చెప్పాల్సిన మాట ఒక అట్ట మీద రాసి కౌంటరు లోపలి వైపు అతికిస్తా. రాసింది ఇది, తప్పుంటే దిద్దండి:

"అమ్మా, ఈ మాత్ర తక్కువ మోతాదులో నరాల నొప్పికి ఇస్తారు. ఎక్కువ మోతాదులో వేరే జబ్బుకి కూడా ఇస్తారు, మీకు ఇచ్చింది నొప్పికే. నోరు ఎండడం, పొద్దున మత్తు, మలబద్ధకం, తల తిరగడం, మూత్రం ఆగిపోవడం రావొచ్చు. వారంలో పూర్తిగా తగ్గిపోతాది."

మానుకోట_అక్క
అన్నా, చివరి ముక్క తీసెయ్యి. వారం అని మళ్ల అదే మాట చెప్తున్నవ్.

విశాఖ_మత్తుడాక్టరు
అక్క చెప్పింది నిజం. నా దిద్దుబాటు ఇది: "మొదట్లో నోరు ఎండొచ్చు, పొద్దున మత్తుగా ఉండొచ్చు. చాలామందికి కొన్నాళ్లలో సర్దుకుంటుంది. మూత్రం ఆగినా, బాగా తల తిరిగినా వెంటనే డాక్టరుకి చెప్పండి. నొప్పి తగ్గడం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. పూర్తిగా పోకపోయినా నిద్ర, నడక మెరుగైతే మందు పనిచేస్తున్నట్టే. తగ్గకపోతే వేరే మందులున్నాయి. మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి." అవాంతరాలు దాచకూడదు, కానీ అన్నిటినీ ఒకే వరుసలో భయపెట్టేలా చదవకూడదు. మొదటి రెండు వాక్యాలూ మీరు రాసినవే ఉంచండి, నాకన్నా బాగా రాశారు. గుండె జబ్బు ఉన్నవాళ్లనీ, ప్రోస్టేటు ఇబ్బంది ఉన్న పెద్దవాళ్లనీ మాత్రం డాక్టరుకి ఆ సంగతి చెప్పారా అని ఒకసారి అడిగి ఇవ్వండి.

కడప_మందులకొట్టు
రాసుకున్నా సార్. ప్రెగాబలిన్, గబపెంటిన్‌కి కూడా ఇదే అట్ట పనికొస్తాదా?

విశాఖ_మత్తుడాక్టరు
కొన్ని వారాలు పడుతుందన్నదీ, ఒక్కసారిగా ఆపొద్దన్నదీ వాటికీ వర్తిస్తాయి. నోరు ఎండడం బదులు మత్తు, తల తిరగడం, కాళ్ల వాపు అని రాయండి. కిడ్నీ జబ్బు ఉందేమో అడగమనండి, ఉంటే మోతాదు తగ్గించాలి. రెండు అట్టలు చేయించండి.